జోడు చదువు

మా వదినను చుట్టాలందరూ నోట్లో నాలుక లేని మనిషి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడో తరగతి పిల్లల చేత నోరారా చదివించే మనిషికి నాలుక లేకపోవడమేమిటి? గొంతు పెంచదు, అంతే. కూరగాయల కొట్టువాడు అడుగున కుళ్ళిన టమాటాలు వేసి ఇస్తే ఇంటికొచ్చి ఏరి పారేస్తుంది తప్ప వెనక్కి వెళ్ళి అడగదు. నేనైతే ఆ సంచీ తీసుకెళ్ళి వాడి బల్ల మీదే కుమ్మరిస్తాను. ఒకసారి కుమ్మరించాను కూడా. అప్పటినుంచి వాడు నన్ను దూరంనుంచి చూడగానే మంచి బుట్ట ముందుకు జరుపుతాడు.

ఇద్దరం ఒకే ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తాం. ఆమెది మూడో తరగతి, నాది ఐదు. రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. కట్టినవాడు గాలి ఆడాలనుకున్నాడో, ఇటుకలు మింగాడో తెలియదు. దాంతో ఆమె తరగతిలో మాట్లాడేదంతా నా తరగతిలో వినిపిస్తుంది. ఇంట్లో కూడా అంతే. కింద అన్నయ్యా వదినా, పైగదిలో నేను. కాబట్టి ఈ మనిషి గురించి నాకు తెలిసినంత ఆమెకే తెలియదని నా నమ్మకం. నేను పెళ్ళి చేసుకోలేదు. నా కోపం చూసి ఎవరూ ముందుకు రాలేదని అన్నయ్య ఎగతాళి చేస్తాడు. నిజానికి వచ్చారు, నేనే గుమ్మంలోంచి పంపేశాను.

వదిన తండ్రి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఆ పనికి ఇద్దరు కావాలట. ఒకరు రాతప్రతిని పైకి చదువుతుంటే రెండోవారు అచ్చుకాగితం మీద వేలు నడుపుకుంటూ వెంబడించాలి. కామా వస్తే కామా అని, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అని పైకే అనాలి. చదివేవాడు వాక్యం చివర ఒక్క క్షణం ఆగి, రెండోవారి వేలు అక్కడికి చేరిందో లేదో చూసుకుని ముందుకు పోవాలి. ఆయనకు జోడీగా ఉండేవాడు తరచూ నాగా పెట్టేవాడు. బడికి సెలవైతే ఆ చోట కూతుర్ని కూర్చోబెట్టుకునేవాడు ఆయన. కాగితాల కట్టల మీద కూర్చుని, సిరా వాసనలో, అర్థమయ్యేదీ కానిదీ అన్నీ చదివేది వదిన. మందుల కరపత్రాలు, వంతెన టెండర్లు, ఎవరిదో జీవిత చరిత్ర. కన్ను దాటేసిన తప్పు చెవికి దొరుకుతుందని తండ్రి చెప్పేవాడట. ఆ అచ్చాఫీసు ఎప్పుడో మూతపడింది, ఆయనా పోయాడు. వదిన మాత్రం ఇప్పటికీ దేన్నీ లోలోపల చదవదు. కరెంటు బిల్లు కూడా పైకే చదువుతుంది.

అన్నయ్య బస్సుల షెడ్డులో మెకానిక్కు. పొద్దున టీ తాగుతూ వదిన చేత పేపరు చదివించుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఈ కామాల గోల ఏమిటని విసుక్కునేవాడు. ఇప్పుడు ఎక్కడైనా ఒక కామా తప్పిపోతే, అక్కడేదో పోయినట్టుందే అని ఆయనే పట్టుకుంటాడు.

ఆ అలవాటునే ఆమె తరగతిలోకి తెచ్చుకుంది. మూడో తరగతిలో ప్రతి పిల్లకీ ఒక జోడు. ఒకరు చదవాలి, ఇంకొకరు వేలు పెట్టి వెంబడించాలి, పేజీ తిరిగాక మార్చుకోవాలి. వాక్యం చివర ఆగాలి. లెక్కలైనా అంతే, ప్రశ్నను ఇద్దరూ కలిసి చదువుకోవాలి. అయితే ఆ గదిలో ఒక కట్టుబాటుంది. ప్రశ్న ఇద్దరిదీ, జవాబు ఎవరిది వాళ్ళదే. జవాబు పైకి అన్నవాళ్ళను ఆ రోజుకి జోడునుంచి విడదీస్తుంది. బెత్తం దెబ్బకు ఏడవని పిల్లలు కూడా దానికి ఏడుస్తారు. రెండో తరగతినుంచి అక్షరాలు కూడబలుక్కుంటూ వచ్చిన పిల్లలు ఏడాది తిరిగేసరికి పుస్తకం పట్టుకుంటే వదలరు. పై తరగతుల్లో వాళ్ళకు చెప్పేదాన్ని నేను. నాకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ఏడాది ఆ తరగతిలో ఒక జోడు ఉంది. ఒక పిల్లకు రేడియో అని నేనే పేరు పెట్టాను. చదవడం మొదలుపెడితే గోడ ఇవతల నా పిల్లలు నవ్వు ఆపుకోలేరు, అంత ఖంగుమనే గొంతు. ఇంకో పిల్ల నిదానం. పుస్తకం తెరవడం నిదానం, వేలు నడపడం నిదానం, నవ్వడం కూడా నిదానమే, కాబట్టి దానికి నేను పెట్టిన పేరూ నిదానమే. రేడియో ఆమె కోసం వాక్యం చివర అందరికంటే ఎక్కువసేపు ఆగేది. ఆ ఆగడం గోడ ఇవతలికి కూడా తెలిసేది.

ప్రతి ఏడాది చివర అన్ని బడులకూ కలిపి పైఆఫీసు ఒక పరీక్ష పెడుతుంది. ప్రశ్నకు నాలుగు జవాబులుంటాయి, సరైన దాని పక్కనున్న సున్నాను పెన్సిలుతో నింపాలి. పిల్లలు దాన్ని సున్నాల పరీక్ష అంటారు. వచ్చిన మార్కుల్ని బట్టి బడులకు వరస కడతారు, ఆ వరస గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఇన్నాళ్ళూ ఎవరి బడి పిల్లలకు వాళ్ళ బడి టీచర్లే కాపలా ఉండేవాళ్ళు. మూడో తరగతి పిల్లలు గుసగుసగా ప్రశ్నలు చదువుకునేవాళ్ళు, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. మా బడి ఆ వరసలో ఎక్కడో మధ్యలో ఉండేది, మధ్యలో ఉండటం నేరమని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

పోయిన ఏడాది పరీక్షలో ఏదో బడిలో టీచర్లే జవాబులు చెప్పారని రచ్చ అయింది. దాంతో ఈసారి మా అందర్నీ వేరే బడులకు కాపలా పంపి, మా బడికి పరాయివాళ్ళను వేశారు. మా హెడ్మాస్టరుకు గుండెల్లో రాయి పడింది. పరీక్షకు ముందు వదినను పిలిచి, వెనకబడిన పిల్లలకు ఆ రోజు జ్వరం వస్తే బాగుంటుందన్నాడు. జ్వరం రావలసిన వాళ్ళలో నిదానం పేరుంది. నిదానం రాకపోతే రేడియో ఎవరికి చదువుతుంది సార్ అని అడిగిందట వదిన, అమాయకంగా. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. నేనక్కడ ఉంటే జ్వరం ఎవరికి వచ్చేదో చెప్పలేను.

పరీక్ష రోజు వదిన ఊరికి ఆ చివరి బడికి, నేను ఈ చివరి బడికి పోయాం. మూడో తరగతికి కాపలా వచ్చినవాడు దళసరి కళ్ళజోడు మనిషి. అతనికి ఇచ్చిన ఆదేశం ఒక్కటే, పెదవి కదిలితే కాగితం లాగేసుకోవాలి. పేపర్లు ఇవ్వగానే గదినిండా పెదవులు కదిలాయి. పిల్లలు అలవాటుగా ఒకళ్ళు చదువుతూ, ఒకళ్ళు వేలు పెట్టి వెంబడిస్తూ పని మొదలుపెట్టారు. అతని కళ్ళకు అదెలా కనిపించిందో వేరే చెప్పాలా? ఒక పిల్ల పక్కపిల్లకు చెవిలో ఊదుతోంది, పక్కపిల్ల తన కాగితం మీద వేలు పెట్టి అందుకుంటోంది. గుడ్లురిమాడు, బల్ల మీద కొట్టాడు. ఆ గదిలో నోరు మూసుకుని చదవడం ఎవరికీ రాదు. ముందు రేడియో కాగితం లాగేశాడు, తర్వాత నిదానానిది, తర్వాత వరసపెట్టి. మిగిలినవాళ్ళు బెదిరిపోయి తోచిన సున్నాలు నింపారు. టీచరే శిక్షణ ఇచ్చి తరగతి మొత్తం చేత కాపీ కొట్టించిందని పైకి రాసి చక్కా పోయాడు.

సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. రేడియో ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. వదిన రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని ఏమైందో ఒక్కొక్కళ్ళనీ అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కళ్ళజోడు మనిషి ఇల్లెక్కడో కనుక్కుంటానని బయలుదేరబోయాను. వదిన నా చేతిసంచీ పట్టుకుని ఆపింది.

మర్నాడు హెడ్మాస్టరు తన గదిలో ఒక కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. విచారణకు పైనుంచి ఆఫీసరమ్మ వస్తుందనీ, ఈ లోపల వదిన దాని మీద సంతకం పెట్టేస్తే గండం గడుస్తుందనీ అన్నాడు. తప్పంతా పిల్లలది, టీచరుకు ఏమీ తెలియదు అని దాని సారాంశం. ఉద్యోగానికి ఢోకా ఉండదు, మహా అయితే పిల్లల ఫలితాలు రద్దవుతాయి, వాళ్ళ పేర్ల పక్కన కాపీ అని పడుతుంది, చిన్నపిల్లలు కాబట్టి ఎవరూ పట్టించుకోరు అన్నాడు. నేను నోరు తెరిచేలోపల వదిన ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. పైకి చదవడం మొదలుపెట్టింది. కామాలతో, ఫుల్‌స్టాపులతో, మొదటినుంచి చివరిదాకా. వరండాలో పోతున్న అటెండరు ఆగిపోయి విన్నాడు. హెడ్మాస్టరు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

చదవడం అయ్యాక కాగితం బల్ల మీద పెట్టింది. "ఇందులో తప్పుంది సార్," అంది.

"ఎక్కడమ్మా?"

"మొదటి వాక్యంలోనే. పిల్లలు కాపీ కొట్టారని పడింది."

అంతే, లేచి క్లాసుకు వెళ్ళిపోయింది. నేను మాత్రం వెళ్ళలేదు. నా వంతు నేను మాట్లాడాను. పసిపిల్లల నెత్తిన దొంగ అనే ముద్ర వేసి కుర్చీ కాపాడుకునే మగాణ్ణి ఇంతవరకు చూడలేదనీ, ఆ భాగ్యం కూడా కలిగించినందుకు సంతోషమనీ అన్నాను. బయటికొస్తే అటెండరు నాకు నమస్కారం పెట్టాడు.

ఇంట్లో అన్నయ్య వేరే పాట ఎత్తుకున్నాడు. ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత పంతమెందుకు, పిల్లలు రేపటికి మరిచిపోతారు, తరగతి పోతే నీకే కదా కష్టం అన్నాడు. రికార్డుల గదిలో కూర్చోబెడతారనీ, అక్కడ ఎలకలకు చదివి వినిపించాల్సిందేననీ అన్నాడు. పళ్ళెం ముందునుంచి లేచాను నేను. వదిన నన్ను కూర్చోబెట్టి, చల్లారిపోతుంది తినమంది. ఆ రోజు నాకు అన్నయ్య మీద వచ్చినంత కోపం వదిన మీదా వచ్చింది. మనిషన్నాక కాస్త ఉప్పూకారం ఉండొద్దా? నలుగురిలో నిన్ను దొంగల నాయకురాలంటే నువ్వు అన్నం చల్లారడం చూసుకుంటావా?

విచారణకు ఆఫీసరమ్మ వచ్చింది. వెనకాల ఫైలు మోసుకుంటూ కళ్ళజోడు మనిషి. హెడ్మాస్టరు మంచి టేబుల్‌క్లాత్ పరిపించాడు. వదిన తన పద్ధతి గురించి చెప్పింది, మెల్లగా, నేల చూస్తూ. అచ్చాఫీసు గురించి కూడా చెప్పింది. ఆఫీసరమ్మ వింది గానీ నమ్మినట్టు లేదు. ప్రశ్న చదవడానికి అనుమతి ఉంటే జవాబు చెప్పుకోరని ఏమిటి నమ్మకం అంది. కళ్ళజోడు మనిషి నేను కళ్ళారా చూశానండీ, ఒక పిల్ల చెబుతోంది, ఒక పిల్ల అందుకుంటోంది అని చిలవలు పలవలు అల్లాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చేశాను.

"అయితే ఆ పిల్లని ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టండి. అప్పుడూ పెదవులు కదిల్తే గోడకి అందిస్తోందని రాసుకోండి," అన్నాను.

వెటకారంగానే అన్నాను. ఆఫీసరమ్మ మాత్రం సరే, కూర్చోబెట్టండి అంది.

మూడో తరగతిని చెట్టు కిందికి పంపేశారు. రేడియోను తన బెంచీలోనే కూర్చోబెట్టి, ముందెప్పుడూ చూడని ప్రశ్నల కాగితం ఇచ్చి, అందరం బయటికొచ్చేశాం. వరండా కిటికీలోంచి చూశాం. ఆ పిల్ల పెన్సిలు సర్దుకుంది. బెంచీ మీద ఒక చివరకు జరిగి కూర్చుంది, పక్కన నిదానానికి చోటు వదిలి. తర్వాత మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి గుసగుసగా చదవడం మొదలుపెట్టింది. కామా దగ్గర కామా అంది. వాక్యం చివరికి వచ్చాక ఆగింది. ఆగి, పక్కన ఖాళీగా ఉన్న చోటును చూసింది. రోజూ నిదానం వేలు అక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగింది. తర్వాత రెండో వాక్యానికి పోయింది. ప్రశ్న అయిపోగానే నోరు మూసుకుంది. పెదవులు బిగించి, చేయి అడ్డం పెట్టుకుని, ఎవరూ లేని పక్కకు కనబడకుండా జవాబు సున్నా నింపింది.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం వచ్చినా నాకు కళ్ళల్లో నీళ్ళే వస్తాయి. కళ్ళజోడు మనిషి జోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీసరమ్మ చాలాసేపు కిటికీ వదల్లేదు.

గదిలోకి వచ్చాక కాపీ అన్న మాట కొట్టేస్తున్నానంది. నేను గాలి పీల్చుకునేలోపలే ఇంకో మాట కూడా అంది. కాపీ కాకపోయినా పద్ధతి మాత్రం తప్పే, రేపు ఈ పిల్లల పక్కన ఎవరూ ఉండరు కదా, ఎక్కడికి పోయినా నోరు మూసుకునే రాయాలి కదా అంది. ఆ మాటలో నిజం లేదని నేననను. చెప్పిన తీరు కూడా మర్యాదగానే ఉంది. తర్వాతి వారం మళ్ళీ పరీక్ష పెడతారు. ఈసారి ఒక్క పెదవి కదిలినా తరగతి మొత్తానికి సున్నా, వదినను తరగతినుంచి తీసేస్తారు.

"మీరే నేర్పారు, మీరే మాన్పించండి," అంది ఆఫీసరమ్మ.

సరేనండి అంది వదిన. నేను ఇంటిదాకా ఆమెతో మాట్లాడలేదు. గెలిచి కూడా ఓడిపోయి వచ్చే మనిషితో ఏం మాట్లాడతాం? మెట్ల దగ్గర ఆగి తనే చెప్పింది. తనని తీసేస్తే ఆ పిల్లలు ఎవరి చేతిలో పడతారో తెలియదట. ఒక్క వారం నోరు మూసుకుంటే వాళ్ళూ మిగులుతారు, తనూ మిగులుతుంది, పరీక్ష అయ్యాక మళ్ళీ మామూలే కదా అమ్మాయ్ అంది. అంత నమ్మకంగా అంది కాబట్టి నేనూ నమ్మాను.

ఆ వారం ఆమె వాళ్ళకు నోరు మూసుకోవడం నేర్పింది. చెబితే వినడానికి అది మాట కాదు, అలవాటు. చదువుతుంటే పెదవులు వాటంతట అవే కదులుతాయి. చివరికి నీళ్ళ ఉపాయం కనిపెట్టింది. నోటినిండా నీళ్ళు పట్టుకుని, మింగకుండా, ఉమ్మకుండా పేజీ చదవాలి. మొదటిరోజు పిల్లలకు అదో ఆట. ఒకళ్ళ బుగ్గలు చూసి ఒకళ్ళు నవ్వడం, పుస్తకాల మీద ఫుర్రుమని ఊదడం. పుస్తకాలు కిటికీలో ఎండబెట్టారు. తర్వాత నవ్వులు తగ్గాయి. వారం చివరికి గోడ అవతలినుంచి చప్పుడే లేదు. పక్క క్లాసుకు సెలవా టీచర్ అని మా పిల్లలు నన్నడిగారు. నాకు చాక్‌పీసు విరిగిపోయేంత కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

పరీక్ష జరిగింది. ఒక్క పెదవీ కదల్లేదు. మార్కులు మునుపటికంటే బాగా వచ్చాయి కూడా. వరసలో మా బడి పైకి ఎగబాకింది. హెడ్మాస్టరు గేటు బోర్డును కొత్తగా రంగు వేయించి, పెద్ద అక్షరాలతో రాయించి, స్టాఫ్‌రూములో బిస్కెట్లు పంచాడు. నేను చెబుతూనే ఉన్నానుగా, మన మేడం ఒక్కరు చాలు అన్నాడు. ఏం చెబుతూ ఉన్నాడో నేను గుర్తు చేయబోతే వదిన నా చేతిలో బిస్కెట్ పెట్టింది.

పరీక్ష అయిపోయినా గోడ అవతలి చప్పుడు తిరిగి రాలేదు. కొన్ని రోజులకు రేడియో నాయనమ్మ బడికి వచ్చింది. వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆమెది. చూపు ఆనదు, చేతి అలవాటు మీద ఇస్త్రీ చేస్తుంది. రేడియో రోజూ సాయంత్రం బండి పక్కన స్టూలు మీద కూర్చుని, బట్టలు చుట్టే పాత పేపర్లు చుట్టబోయే ముందు పైకి చదివి వినిపించేది. వారం పాతదైనా, నెల పాతదైనా ముసలామెకు అదే వార్త. బట్టలకోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. నేను చాక్‌పీసులకని వదిన గదిలోకి వెళ్ళినప్పుడే ఆమె తలుపు పట్టుకుని, తడుముకుంటూ లోపలికి వచ్చింది.

పిల్ల ఇంట్లో చదవడం మానేసిందని చెప్పింది. పేపరు చేతికిస్తే కళ్ళతో చూసి, చదివేశానని చెప్పి పక్కన పడేస్తోందట. బతిమాలినా, తిట్టినా నోరు విప్పడం లేదట.

"పైకి చదవడం దొంగతనమంట కదా టీచరమ్మా. నువ్వే నేర్పావంట," అంది.

కోపంగా అనలేదామె. నిజమా అని అడిగింది, అంతే. వదిన ముసలామెను గేటుదాకా చేయి పట్టుకుని దింపి వచ్చింది.

వచ్చి రేడియో బెంచీలో కూర్చుంది. నిదానాన్ని కాస్త జరగమని, తనే జోడుగా కూర్చుని, పుస్తకం తెరిచి మొదటి మాట మీద వేలు పెట్టింది. చదువమ్మా అంది. రేడియో వదిన మొహం చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. మెల్లగా లేచి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. మునివేళ్ళ మీద నిలబడి కిటికీలోంచి వరండా అటూ ఇటూ చూసి, ఆ రెక్క కూడా వేసేసింది. తిరిగి వచ్చి కూర్చుని, వదిన చెవి దగ్గరకు నోరు పెట్టి, నాకు వినబడనంత చిన్నగా చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. వేలు చేరిందో లేదో చూడలేదు. ఎవరో వచ్చేలోపల అయిపోవాలన్నట్టు చదివేసింది. తరగతి అంతా నోట్లో నీళ్ళున్నట్టే కూర్చుని ఉంది.

వదిన లేచింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. తలుపు గడియ తీసి, రెండు రెక్కలూ గోడకు కొట్టుకునేలా తెరిచింది. కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. నీళ్ళ చెంబు మూలనుంచి తీసి వరండాలోకి విసిరేసింది. అది దొర్లుకుంటూ హెడ్మాస్టరు గదిదాకా పోయింది.

"ఈ గదిలో దొంగలెవరూ లేరు. గట్టిగా చదువు," అంది.

అరిచింది. మా వదిన అరిచింది. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన అరుపే అయినా, అది వినబడగానే నా చేతిలోంచి చాక్‌పీసుల డబ్బా జారిపోయింది.

రేడియో మొదట తడబడింది. నిదానం తనంతట తానే జరిగి వచ్చి, పుస్తకం మీద వేలు పెట్టి కూర్చుంది. రేడియో ఆ వేలు చూసి మొదటి వాక్యం చదివింది. ఆగింది. వేలు నిదానంగా నడిచి ఫుల్‌స్టాప్ దగ్గరకు చేరింది. ఫుల్‌స్టాప్ అని ఇద్దరూ పైకే అన్నారు. వెనక బెంచీలో ఇంకో జోడు అందుకుంది, ఆ వెనక ఇంకొకటి. కాసేపటికి ఆ గదిలో ఎవరు ఏం చదువుతున్నారో తెలియనంత గోల.

హెడ్మాస్టరు చెంబు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పైనుంచి ఎవరైనా వస్తే ఏం సమాధానం చెప్పాలి, ఇప్పుడిప్పుడే పేరు వచ్చింది కదమ్మా, ఈ గోల ఇలాగే సాగితే నేను పైకి రాయాల్సి వస్తుందన్నాడు. నా నాలుక చివర మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటి అవసరం రాలేదు.

"రాయండి సార్, మూడో తరగతి చదువుతోందని రాయండి," అంది వదిన. "పంపించే ముందు ఒకసారి పైకి చదువుకోండి. తప్పులుంటే దొరుకుతాయి."

ఆయన రాశాడు. వచ్చే ఏడు ఆ తరగతి వదినకు ఇస్తారో, రికార్డుల గది తాళంచెవి ఇస్తారో ఇంకా తెలియదు. ఆ రోజు మాత్రం నేను నా గదికి తిరిగి వచ్చేసరికి మా పిల్లలు పుస్తకాలు మూసేసి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. పాఠం మొదలుపెడతారా అని ఎవరూ అడగలేదు. నేనూ కుర్చీ గోడ దగ్గరకు లాక్కుని కూర్చున్నాను.